కారం చేతులు

మిరప ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్ళ పిల్లలకి ఏడాదిలో మూడు నెలలు తల్లి చేతులు ఉండవు. అన్నం కలిపి పెట్టే చెయ్యి ఉండదు, తల నిమిరే చెయ్యి ఉండదు, బుగ్గ పుణికే చెయ్యి అసలే ఉండదు. సబ్బుతో ఎంత తోమినా, మజ్జిగలో నానబెట్టినా, కొబ్బరినూనె పట్టించినా ఆ కారం గోళ్ళ సందుల్లో కాపురం పెట్టుకుని కూర్చుంటుంది. పొరపాటున పసిబిడ్డ కంటికి తగిలిందంటే ఇక ఇంటిల్లిపాదికీ ఆ రోజు తిండీ నిద్రా ఉండవు.

ఎలీసమ్మ ఒకే ఒక్కసారి ఆ పొరపాటు చేసింది. మహిమకి అప్పుడు ఏడాది నిండిందో లేదో. కల్లం నుంచి వచ్చీ రాగానే బిడ్డ బోసినవ్వు నవ్వేసరికి మురిసిపోయి, ఒళ్ళు మరిచి రెండు బుగ్గలూ పట్టుకుంది. ఆ పిల్ల పెట్టిన కేకలకి వీధి వీధంతా పోగయింది. ఆనాటి నుంచి ఎలీసమ్మకి ఒక అలవాటు పడింది. పని నుంచి రాగానే గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి చూపించి, "రానా?" అని అడిగేది. మాటలు రానప్పుడు మహిమ బుర్ర ఊపేది. మాటలొచ్చాక "రా" అనేది. అప్పుడు ఎలీసమ్మ పిడికిళ్ళు బిగించుకుని, మోచేతులతో బిడ్డని దగ్గరికి లాక్కుని చెంపకి చెంప ఆనించేది. ఆటలో పడి ఎప్పుడైనా "వద్దు" అంటే సరేనని వెళ్ళి కాళ్ళు కడుక్కునేది.

సీజను అయిపోయి చేతులు చల్లబడ్డా ఆ అడగడం మాత్రం పోలేదు. పిల్ల పెద్దదైనా పోలేదు. తనతో పాటే ముచ్చికలకి వచ్చే పక్కింటి వీరమ్మ నోరు ఊరుకునే రకం కాదు. "కన్నకూతుర్ని ముట్టుకోటానికి పర్మిషనేందే ఎలీసమ్మా? అదేమన్నా కలెక్టరా?" అని నలుగురిలో ఆట పట్టించేది.

"అవుద్దిలే, చూస్తా ఉండు," అనేది ఎలీసమ్మ.

ఆ మాట ఊరికే అనలేదు. మహిమ చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో బియ్యెస్సీ రెండో ఏడు చదువుతోంది. వాళ్ళ వాడలో డిగ్రీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. పొద్దున్నే హైవే మీద దూది లారీల మధ్య నుంచి చెయ్యెత్తి బస్సు ఆపుకుని ఎక్కుతుంటే, షావుకారు మిరప షెడ్డుకి పోతున్న ఎలీసమ్మ ఆగి మరీ చూసేది. తండ్రి యేసుపాదం చీమకుర్తి రాళ్ళ క్వారీలో పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా కూతురి పుస్తకాలు తిరగేసి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, బాగుందని తలాడించి పోతాడు.

ఆ ఏడాది కొత్తకాయ వచ్చిన రోజుల్లో మహిమ ఇంటికొచ్చి ఒక కబురు చెప్పింది. కెమిస్ట్రీ సారు అడిగాడట: "మీ ఊరి మిరపకాయ మంచి రంగట కదా, ఏడాది కారానికి కాస్త తెచ్చిపెడతావా?" అని. ఆయన పేరు ఈ కథకి అక్కర్లేదు. ఎలీసమ్మకి ఆ మాటతో కొండెక్కినంత సంబరమైంది. మన దగ్గర అయ్యవార్లకి ఇచ్చుకోడానికి ఇంకేముంటుంది? మిల్లు దగ్గర చుట్టం ఉన్నవాళ్ళు దూది ఇస్తారు, మనం కాయ ఇస్తాం. రంగు పోయిన తాలుకాయ ఒక్కటి లేకుండా ఏరి, ముచ్చికలు తీసి, బట్టసంచిలో పోసి మూతి కుట్టి కూతురి చేతికిచ్చింది. "సారుతో మా అమ్మ వందనాలు చెప్పిందని చెప్పు," అని కూడా అంది.

ఆ తర్వాత మహిమలో మార్పు వచ్చింది. వచ్చిందని ఎలీసమ్మ చూసింది కూడా. కానీ మంచి మార్పే అనుకుంది. ఇదివరకు ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక షెడ్డుకి రమ్మంటే చదువుకోవాలని తప్పించుకునే పిల్ల ఇప్పుడు పిలవకుండానే వస్తోంది. మూలగా ఉన్న కుప్ప దగ్గర కూర్చుని తలెత్తకుండా ముచ్చికలు తుంచుతోంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉంటున్నాయి, ముక్కు కారుతోంది, పైటకొంగుతో తుడుచుకుంటోంది. షెడ్డులో ఉన్న ఆడవాళ్ళందరి సంగతీ అదే. మిరప ఘాటులో ఏడ్చేవాళ్ళని ఎందుకు ఏడుస్తున్నావని ఎవరడుగుతారు?

ఇంటికి రాగానే ఎలీసమ్మ ఎప్పటిలాగే చేతులెత్తి "రానా?" అంటే, "వద్దమ్మా," అంటోంది. ఒకరోజు అంది, మర్నాడు అంది, ఇక రోజూ అదే మాట. పిల్లకి కారం భయం మళ్ళీ పట్టుకుందేమో అనుకుంది తల్లి. పరీక్షల బెంగేమో అని కూడా అనుకుంది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి మహిమ, "నేను కాలేజీ మానేస్తానమ్మా. నీతో పాటు ముచ్చికలకి వస్తా," అంది.

ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నోర్ముయ్! మీ నాన్న క్వారీలో దుమ్ము తింటున్నది నువ్వు వచ్చి నా పక్కన కూర్చోటానికా? ఈ చేతులు చూశావా? ఇట్టాంటి చేతులు ఇంట్లో నాయి చాలుగా, నీకూ ఎందుకే?" అని గయ్యిమంది. మహిమ తల్లి చేతుల వంక చాలాసేపు చూసి లోపలికి పోయింది. మర్నాడు మళ్ళీ బస్సెక్కింది. హమ్మయ్య అనుకుంది ఎలీసమ్మ. పాపం, ఆమెకేం తెలుసు?

మార్చి నెలలో అకాల వాన పడింది. కల్లాల్లో కాయ తడిసి రైతులు నెత్తీ నోరూ బాదుకున్నారు. షావుకారు ఉన్న సరుకుని హడావుడిగా కోల్డ్ స్టోరేజీకి తోలించి షెడ్డు మూసేశాడు. వారం బట్టి ఎలీసమ్మకి పని లేదు. వానకి ఇల్లు కురిసిందని గోనెలూ చాపలూ అన్నీ బయటేసి, ఇల్లంతా నీళ్ళు కొట్టి కడిగింది. ఆ సీజనులో మొదటిసారి ఆ ఇంట్లో కారం వాసన పోయి సున్నం వాసన వచ్చింది.

ఆ వారం చివరే, ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం. ఊరంతా ఈతమట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ గుడికి పోయారు. ఎలీసమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, మహిమని పక్కన కూర్చోబెట్టుకుంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎలీసమ్మ కూడా మూసుకుంది కానీ, ముక్కు ఎగబీల్చిన చప్పుడు విని తెరిచింది.

మహిమ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెప్పలు ఉబ్బి ఉన్నాయి. షెడ్డులో ఉన్నట్టే, అచ్చం అలాగే ఉన్నాయి.

వారం బట్టి కాయ ముట్టలేదు కదా, ఇంట్లో మిరపగింజ కూడా లేదు కదా, మరి ఈ కళ్ళేంటి? అనుకుంది ఎలీసమ్మ. ఇన్నాళ్ళూ తను చూసింది కారం కాదని ఒక్కసారిగా తెలిసిపోయింది. ప్రార్థన అయిందో లేదో, ఆమేన్ అన్నదో లేదో ఆమెకి గుర్తు లేదు. కూతుర్ని లేవదీసి, మట్టలు పట్టుకున్న జనం మధ్య నుంచి ఇంటికి నడిపించుకొచ్చింది.

తలుపు దగ్గరేసి నేల మీద కూర్చుంది. మహిమ గోడకానుకుని కూర్చుంది.

"కాయ లేదు, కారం లేదు. కళ్ళెందుకు ఎర్రగున్నాయమ్మా?" అంది ఎలీసమ్మ. అరవలేదు, కసరలేదు. ఆమె గొంతు అంత మెత్తగా పలకగలదని ఆమెకే తెలీదు.

మహిమ చెప్పింది. ఒక్కసారిగా చెప్పలేదు, ఆగి ఆగి చెప్పింది. కాయ సంచి ల్యాబు వెనక స్టోర్ రూములో పెట్టమన్నాడు సారు. పెట్టి తిరిగేసరికి తలుపు మూసి ఉంది. ఆయన తలుపుకి లోపలివైపే ఉన్నాడు. ఎక్కడెక్కడ చేతులేశాడో, ఎలా పట్టుకున్నాడో చెప్పేటప్పుడు మహిమ తల్లి వంక చూడలేదు, నేల మీద వేలితో గీతలు గీస్తూ చెప్పింది. బీరువా మీది సీసాలు తోసేసిందట. అవి భళ్ళున పగిలేసరికి అటెండరు పరిగెత్తుకొచ్చి ఏమైందని తలుపు కొట్టాడట. ఆ సందులో బయటపడింది.

"ఎవరికన్నా చెప్తే ప్రాక్టికల్స్‌లో సున్నా ఏస్తానన్నాడు. ల్యాబు రికార్డు మీద ఇంకా సంతకం పెట్టలేదమ్మా. సంతకం కావాలంటే మళ్ళీ ఆ రూముకే రమ్మంటన్నాడు."

ఎలీసమ్మ చేతులు వాటంతటవే లేచాయి. కూతుర్ని గుండెలకి హత్తుకోవాలని, పొట్టలో దాచేసుకోవాలని లేచాయి. సగంలో ఆగిపోయాయి.

"రానా?" అని అడిగింది.

"ఇప్పుడొద్దమ్మా."

"సరే తల్లీ."

ఆమె అక్కడే కూర్చుంది, చెయ్యి చాచితే అందేంత దూరంలో. అందుకోలేదు. వాళ్ళిద్దరూ అలా చాలాసేపు ఏడ్చారు. కాసేపటికి ఎలీసమ్మ తల బాదుకుంది. "నేనేగా ఆ సంచి కుట్టిచ్చింది. నా చేతులతో నేనేగా నిన్ను ఆ గదిలోకి పంపింది," అంది.

మహిమ అప్పుడు తలెత్తి చూసింది. "నువ్వు పంపింది మిరపకాయలమ్మా. ఆయన చేసిందానికి నువ్వెట్టా పూచీ?" అంది. ఇన్ని రోజులుగా ఆ మాట ఎవరైనా తనతో అంటే బాగుండునని ఎదురుచూసిన పిల్ల, ముందు తనే తల్లికి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్ళు పేటలో ఖుర్షిదా మేడమ్ ఇంటి తలుపు తట్టారు. ఆవిడ ఆ కాలేజీలో తెలుగు చెప్తుంది. క్లాసులో పద్యం రాగయుక్తంగా చదవడం తప్ప గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఎవరికి చెప్పాలంటే మహిమకి ఆవిడ పేరొక్కటే తట్టింది. మేడమ్ ఇద్దరికీ టీ ఇచ్చి, మధ్యలో ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా చివరిదాకా విని, "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నానమ్మా," అంది. ఆ ఒక్క ముక్కతో మహిమ భుజాలు కాస్త కిందికి దిగాయి.

"ఇలాంటివి వినడానికి ఆడవాళ్ళతో కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మన కాలేజీలో లేదు. నేనూ అడగలేదు, సిగ్గుపడాల్సిందే. ఇవాళ అడుగుతాను," అంది మేడమ్. "పోలీసుల దగ్గరికి పోవాలన్నా నేను వెంట వస్తాను. అసలు ఏమీ వద్దు, రికార్డు మీద సంతకం చాలంటావా, దానికో దారి చూద్దాం. నువ్వేం కావాలనుకుంటున్నావో చెప్పు."

మహిమ టీ గ్లాసులోకి చూస్తూ ఆలోచించింది. "ఆయన ఎదురుగానే చెప్పాలనుంది మేడమ్. అందరికీ తెలియాలి. నేను కాలేజీ మానను," అంది.

కాలేజీ మానను అన్న మాటకి ఎలీసమ్మకి ఎంత సంతోషం కలగాలి? కలగలేదు. భయం కలిగింది. ఊళ్ళో ఏమంటారో, రేపు దీనికి సంబంధం ఎట్టా వస్తుందో, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నోటిదాకా వచ్చిన మాటని టీతో పాటు మింగేసింది.

ప్రిన్సిపాల్ సంజీవరావుగారు చెడ్డవాడేం కాదు. గొడవంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి, అంతే. అలాంటి మంచివాళ్ళ నీడలోనే ఇలాంటి సార్లు చల్లగా బతికేస్తుంటారు. "పెద్దది చెయ్యకండమ్మా, అమ్మాయి భవిష్యత్తు చూసుకోవాలిగా. నేను ఆయన్ని పిలిచి మందలిస్తాను," అన్నాడు. ఖుర్షిదా మేడమ్ కదల్లేదు. కమిటీ వేసేదాకా క్లాసుకి పోనని ఆయన గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు మేడమ్‌లు తమ కుర్చీలు తెచ్చుకున్నారు. సాయంత్రానికి కమిటీ తయారైంది. బయటి మనిషిగా రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారొకావిడ వచ్చి కమిటీకి పెద్దగా కూర్చుంది.

విచారణ రోజున ఎలీసమ్మ కూతురి పక్కనే కూర్చుంది. కమిటీ మేడమ్‌లు ఎదురుగా, ప్రిన్సిపాల్ ఓ పక్కగా కూర్చున్నారు. మహిమ స్నేహితురాలు సాజిదా కూడా వస్తానంది. తోడుకని వచ్చి తలుపు దగ్గర బల్ల మీద కూర్చుంది.

"ఆయన్ని ఎదురుగా పిలవనా, వద్దా? నీ ఇష్టం," అంది హెడ్‌మిస్ట్రెస్ గారు.

"పిలవండి మేడమ్," అంది మహిమ.

కెమిస్ట్రీ సారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. మహిమ చెప్పిందంతా విని చిరునవ్వు నవ్వాడు.

"నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రినండి. పాపం, అంత దూరం నుంచి కాయ మోసుకొచ్చిందని, కూతురిలాంటిదని ప్రేమగా భుజం తట్టాను. తండ్రిలాంటి వాడు చెయ్యేస్తే అది కూడా తప్పేనా? ఈ కాలం పిల్లలు..." అని నిట్టూర్చాడు.

ప్రిన్సిపాల్ గారి ముఖంలో కాస్త ఊరట కనిపించింది. ఎలీసమ్మ చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి. నోరు తెరవబోయింది. అంతలో మహిమ లేచి నిలబడింది.

"మా అమ్మ మిరప ముచ్చికలు తీస్తది సార్. చేతులు కారంగా ఉంటాయని నన్ను ముట్టుకునే ముందు అడుగుద్ది. నాకు ఊహ తెలిసినకాడి నుంచి అడుగుద్ది. నేను వద్దంటే ఆగిపోద్ది. నన్ను కన్న మా అమ్మే అడక్కుండా నా మీద చెయ్యెయ్యదు. మీరు తలుపేసి మరీ ఎట్టా ఏశారు సార్?"

ఆయన ఏదో అనబోయి చొక్కా జేబులో పెన్ను సర్దుకున్నాడు. ఎలీసమ్మకి తన చేతులు కనపడకుండా పోయాయి, కళ్ళ నిండా నీళ్ళు. వీరమ్మ నవ్విన అలవాటు, తను కూతురికి ఏమీ ఇవ్వలేకపోతున్నానని కుమిలిపోయిన మూడు నెలల సీజన్లు, అవన్నీ కూతురిలో ఇలా నిలబడి మాట్లాడతాయని ఆమె ఏనాడూ అనుకోలేదు.

తలుపు దగ్గర బల్ల చప్పుడైంది. సాజిదా లేచింది. "నాకూ చెప్పాలనుంది మేడమ్," అంది నెమ్మదిగా. "నన్ను కిందటేడు రికార్డు సంతకానికని పిలిచాడు."

ఆయన చిరునవ్వు అక్కడితో ఆగిపోయింది.

కెమిస్ట్రీ సారుని కాలేజీలోంచి పంపేశారు. ప్రాక్టికల్స్ బయటి నుంచి వచ్చినాయన పెట్టాడు. రికార్డుల మీద సంతకాలు ఇక క్లాసులోనే, అందరి ముందే. ఆడపిల్లలు ఒంటరిగా ల్యాబు వైపు పోకూడదని ప్రిన్సిపాల్ గారు ఒక రూలు పెట్టబోతే, ఖుర్షిదా మేడమ్, "పిల్లలకి కాదు సార్, గదికి పెట్టండి," అంది. ఆయన ఏమనుకున్నాడో, వడ్రంగిని పిలిపించి స్టోర్ రూము తలుపు ఊడదీయించాడు. ఆ తలుపు చాలా నెలలు సైకిల్ స్టాండు గోడకి ఆనించి ఉంది. పోలీసు కేసు సంగతి పరీక్షలయ్యాక నాన్నకి చెప్పి తేల్చుకుంటానంది మహిమ. తేల్చుకోమంది తల్లి.

ఊళ్ళో అనేవాళ్ళు అన్నారు. వీరమ్మ మాత్రం పిల్లని ఒక్క మాట అనలేదు. షెడ్డు ఆడవాళ్ళని తన వాకిట్లో కూర్చోబెట్టి, "మన కళ్ళెదురుగా అంత ఏడ్చింది పిల్ల, కారమనుకున్నాం. ఇకనుంచి ఎవత్తె కళ్ళెర్రబడినా అడగాలే," అని తీర్మానం చేసింది. అప్పట్నుంచి ఆ షెడ్డులో ఎవరు ముక్కు చీదినా పక్కనుంచి ఎవరో ఒకరు "కారమేనా?" అంటారు. ఎక్కువసార్లు కారమే. ఎప్పుడైనా ఒకసారి కాదు.

ఈస్టరు అయ్యాక ఎండలు కాశాయి, షెడ్డు తెరిచారు. ఆ సాయంత్రం ఎలీసమ్మ ఎర్రటి చేతులతో ఇంటికొచ్చేసరికి మహిమ గుమ్మంలో కూర్చుని చదువుకుంటోంది. ఎలీసమ్మ అలవాటుగా చేతులెత్తి చూపించి, "రానా?" అంది. వద్దనే అంటుందని తెలుసు. అప్పుడే కాళ్ళు కడుక్కోడానికి కుండ వైపు అడుగు కూడా వేసింది.

"రా," అంది మహిమ.

ఎలీసమ్మ ఆగిపోయింది. పిడికిళ్ళు బిగించుకుని, మోచేతులు చాచుకుని కూతురి ముందు కూర్చుంది. మహిమ ఆ పిడికిళ్ళు రెండూ పట్టుకుంది. ఒక్కొక్క వేలూ విప్పి, ఆ రెండు అరచేతులూ తీసుకుని తన బుగ్గలకి ఆనించుకుంది.

"ఏయ్, మండుద్దే పిచ్చిదానా!" అని ఎలీసమ్మ లాక్కోబోయింది.

"మండనీ. నేనే పెట్టుకున్నాగా," అంది మహిమ, ఇంకా గట్టిగా అదుముకుంటూ.

పద్దెనిమిదేళ్ళుగా ఏ సీజనులోనూ ముట్టుకోని ఆ బుగ్గలు ఎలీసమ్మ చేతుల్లో వెచ్చగా ఉన్నాయి. మహిమ కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, నీళ్ళు ధారగా కారి తల్లి మణికట్ల మీదుగా జారాయి. తల్లి కళ్ళూ అలాగే ఉన్నాయి.

పక్కింటి వీరమ్మ చెంబు పట్టుకుని బయటికొచ్చి, గోడ మీదుగా ఈ తల్లీకూతుళ్ళని చూసి నిలబడిపోయింది.

"కారమేనా అమ్మాయ్?" అంది.

"కారమే అత్తా," అంది మహిమ, నవ్వుతూ, ఏడుస్తూ. "ఈసారి నిజంగా కారమే."